పన్నెండిట్ల ఒకటి

ఎల్లుండి పాలు పొంగిస్తరట.
ఊడ్చి కడిగి పోదువు రా అని
పుష్పలీల టీచర్ పిలిస్తె
భీమారం దాటి, కొత్త ప్లాట్లల్లకు పోయిన.

ఇల్లు మంచిగున్నది.
గోడలకు గంధం రంగు,
టేకు తలుపుకు ఇంక తియ్యని ప్లాస్టిక్ కవరు.
అందరు ఫొటోలు దిగుతున్నరు.
నేను మీది అంతస్తు హాల్ల నీళ్లు పోసిన.

నీళ్లు మోరి దిక్కు పోలె.
నడుమకచ్చి నిలవడ్డయి,
ఎవరో పిలిచినట్టు.
చీపురుతోని తోసిన. మల్ల అచ్చినయి.

టైల్స్ మేస్త్రి తప్పనుకోవచ్చు.
అనుకుందామనే చూసిన.
గని కింది రూంల, సరిగ ఆ జాగ కింద
బీము కడుపుల నిలువుగ
వెంట్రుకంత గీత.
తలుపు మూలకెల్లి ఇంకోటి, ఏటవాలుగ ఎక్కి
మెట్ల పక్క పిల్లరును ముట్టుకొని ఆగింది.

బడిల వంటకు కుదరక ముందు
పంతొమ్మిదేండ్లు మాలు మోసిన నేను.
హన్మకొండల, కాజీపేటల, జమ్మికుంట దాక
ఎన్ని స్లాబులు పోసినమో
నా మెడ నరాన్ని అడగాలె.
నక్ష చదువ రాదు నాకు.
గని తట్ట దించినప్పుడు
బాక్సుల మాలు పడే చప్పుడు తెలుసు.
గుప్పుమని నిండితె ఒక తీరు,
రాడ్ల నడుమ ఇరికి
కంకర కంకరే నిలిస్తె ఇంకో తీరు.
"పొడువుండ్రే, గాలి పోవాలె!" అని
మొగిలి మేస్త్రి గొంతు పోయేదాక ఒర్రేటోడు.
పొద్దుగూకినంక ఎవరు పొడుస్తరు?
వైబ్రేటర్ల డీజిల్ ఒడిసిన దినాలు చూసిన.
మర్నాడు బాక్సు ఇప్పితె తేనెపట్టు.
ఓనరు అచ్చే లోపల్నే
దాని మీద సిమెంటు పాలు, ప్లాస్టరు.
ఆ పాలు కలిపింది నేనే,
ఒక్కసారి కాదు.

వేయి కంబాల గుడి ఉన్న ఊరు మాది.
ఈ ఇంటికి పన్నెండే.
కొంగు ముడి ఇప్పి, తాళంచెవి తీసి
ఒక్కొక్కదాన్ని కొట్టుకుంట పోయిన.
గట్టిగనే పలికినయి.
మెట్ల పక్కది మాత్రం
ఖాళీ డబ్బ లెక్క.
మీదికి పోయి చూస్తె, మీది పిల్లరు
కింది దాని మీద సరిగ కూసోలె.
బెత్తెడు పక్కకు జరిగి ఉన్నది,
చంకల పిల్ల జారుతున్నట్టు.

చెప్పాల్నా?
నన్ను పిలిచింది ఊడ్వనీకె.
ఇంజినీరు సంతకం వెట్టిండు.
బ్యాంకోళ్లు అచ్చి చూసి పోయిండ్రు.
టీచరమ్మ అప్పటికే రూంలు పంచుతున్నది,
గిది పూజకు, గిది ఓదేలు మామకు,
గాలి మంచిగొస్తది, దమ్ము తక్కువైతదని.
ఆ మామ మంచం
సరిగ ఆ బీము కింద.

"టీచరమ్మా, స్క్రూ డ్రైవరున్నదా?"

భిక్షపతి సార్ నవ్విండు.
"ఇంజినీరింగు ఎప్పుడు చదివినవే?"
నవ్వుకుంటనే కారుల నుంచి తెచ్చిండు,
నేను చూపిన కాడ వెట్టి వొత్తిండు.
రంగు పోయింది, పుట్టీ పోయింది,
పల్చటి ప్లాస్టరు పోయింది,
ఇగ ఏం అడ్డం రాలె.
పిడి దాక దిగింది.
ఆయన నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెల్వది,
పిల్లరు దిక్కే చూస్తున్న.

గుంజితె అరచెయ్యంత పెచ్చు ఊడింది.
దాని ఎనక ఇంకోటి.
రాడ్డు అప్పుడే తుప్పు వట్టింది.
రింగుకు రింగుకు నడుమ
నా మూరెడు చెయ్యి.
కంకర రాలింది, పిడికెడు, రెండు పిడికెళ్లు,
సిమెంటు అంటని కంకర,
వాగుల కడిగినట్టు.

టీచరమ్మ మెట్ల మీద కూలవడ్డది.
పాలు పొంగిచ్చే కొత్త గిన్నె
పక్కన సంచిలనే ఉన్నది, స్టిక్కరు తియ్యలె.

అలవాటుగ వంగి చీపురు వట్టిన.
కంకరంత ఒక్క కాడికి ఊడ్చిన.
చేటలకు ఎత్తబోయి
ఆగిన.

గిట్లనే ఉండనియ్యుండ్రి.
బిల్డరు అచ్చి చూడాలె.